వంతు మారిన చోటు

మా అక్క నా కోసం పందెం వదిలేసిందని అందరూ నమ్ముతారు. మా వీధిలోని పాతకాపులు నమ్ముతారు, మాతో చదువుకున్నవాళ్లు నమ్ముతారు, ఆ రోజు మైదానంలో అడుగు పెట్టనివాళ్లు మరీ గట్టిగా నమ్ముతారు. నేను ఉద్యోగ విరమణ చేసిన రోజున సభలో నన్ను పరిచయం చేసిన యువ అధ్యాపకుడు, నేను ముప్పై ఏళ్లకు పైగా చెప్పిన భౌతికశాస్త్రం గురించి రెండు ముక్కలు చెప్పి, ఈ కథ దగ్గర ఆగిపోయాడు. గెలుపు గీత నాలుగు మూరల దూరంలో ఉండగా అక్క వెనక్కి తిరిగి చూసిందట. నా కళ్లలో నీళ్లు కనబడ్డాయట. "వెళ్లు చెల్లీ" అని దారి ఇచ్చిందట. ముందు వరుసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. మూడు వేల మీటర్ల పందెంలో చివరి మలుపు తిరిగాక మాట్లాడేందుకు ఊపిరి మిగిలిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అయినా పూలదండ మెడలో ఉండగా ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

ఈ కథలో ఒక్క ముక్క మాత్రం నిజం. అక్క పక్కకు జరిగింది. కొన్ని వందల మంది చూశారు. నేనూ చూశాను. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ వేసవి వరకు మేమిద్దరం ఒకే గీత మీద ఎప్పుడూ నిలబడలేదు. ఆమె కంటే నేను రెండేళ్లు చిన్న. ఆమె పెద్దల విభాగంలో, నేను చిన్నవాళ్ల విభాగంలో పరిగెత్తేవాళ్లం. ఇంటికి రెండు కప్పులు వచ్చేవి, ఒకే గూట్లో పక్కపక్కన కూర్చునేవి, ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. నేను కూడా కాలేజీలో చేరడంతో ఆ వెసులుబాటు పోయింది.

మాకు పరుగు నేర్పింది ఈల మాస్టారు. ఆయన అసలు పేరుతో పిలిచినవాళ్లు ఆ మైదానంలో ఎవరూ లేరు. నోట్లో ఎప్పుడూ ఈల ఉండేది. మాట్లాడాల్సి వస్తే దాన్ని బుగ్గలోకి నెట్టుకునేవారే తప్ప బయటికి తీసేవారు కాదు. వేసవి మొదలైన వారంలో ఒక ఉదయం మమ్మల్నిద్దరినీ పిలిచి చెప్పారు.

"క్రీడా శిక్షణ సంస్థ నుంచి కబురొచ్చింది. మూడు వేల మీటర్లలో ఆడపిల్లలకి ఒకటే సీటు. చదువు, హాస్టలు, శిక్షణ, అన్నీ వాళ్లే చూసుకుంటారు. వేసవి చివర జరిగే పోటీలో ఎవరు ముందొస్తే వాళ్లకి."

"రెండో అమ్మాయికో?" అని అడిగింది అక్క.

"చప్పట్లు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఒకరి నవ్వును ఒకరం గమనించడం మాత్రం ఆ ఉదయమే మొదలైంది.

మాకు మూడో మనిషి అడ్డు కూడా ఉంది. వేరే కాలేజీలో ఒక పొడుగమ్మాయి ఉండేది. అంతకు ముందు ఏడు అక్కను ఓడించింది. ఆమె అంగ ఒకటి మా అంగలు ఒకటిన్నర. ఆమెను విడివిడిగా ఎదుర్కొంటే ఇద్దరం ఓడిపోతామని మాస్టారి లెక్క. ఆయన కనిపెట్టిన ఉపాయం వంతులు.

ఒకరి వెనక ఒకరు పరిగెత్తితే గాలి ముందున్న మనిషికి తగులుతుంది, వెనకున్న మనిషికి ఆ మేరకు శ్రమ తగ్గుతుంది. ఇందులో మాయ లేదు. తర్వాతి కాలంలో నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. మేము చెరో చుట్టు ముందుండాలి. ప్రతి చుట్టులోనూ చివరి మలుపు తిరిగి తిన్నని దారిలోకి రాగానే, అక్కడ తుప్పు పట్టి పడి ఉన్న రోలరు పక్కన, ముందున్న మనిషి ఒక అంగ కుడికి జరగాలి. వెనకున్న మనిషి లోపలి నుంచి ముందుకు రావాలి. గాలి మోసే పని చేతులు మారుతుంది. పొడుగమ్మాయి మాత్రం మా వేగం అందుకోవాలంటే తన గాలి తానే మోసుకోవాలి.

మాస్టారు రోలరు మీద కూర్చుని ఈల వేసేవారు. మొదట్లో మా మోకాళ్లు తగులుకునేవి. ఒకసారి నేను అక్క మడమ తొక్కి ఇద్దరం మట్టిలో దొర్లాం.

"కుడి ఏదో తెలీదా అమ్మాయ్ నీకు?" అన్నారాయన.

"మీరు ఈల ఆలస్యంగా వేశారు మాస్టారూ."

"పందెంలో ఈల ఉండదు. కాళ్లకే తెలియాలి."

కొన్ని వారాలకు కాళ్లకే తెలిసింది. ఈల అవసరం పోయింది. రోలరు పక్కకు వచ్చేసరికి ముందున్న మనిషి జరిగేది, వెనకున్న మనిషి దూరేది. తలుపు రెక్క తెరుచుకున్నట్టు ఉండేది.

"పందెంలో కూడా ఆఖరిదాకా వంతులేనా?" అని ఒకనాడు నేనడిగాను.

"ఆఖరి చుట్టు గంట మోగేదాకా మీరు అక్కాచెల్లెళ్లు," అన్నారు మాస్టారు. "మోగాక ఎవరి కాళ్లు వాళ్లవి."

నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉప్పునీటి తొట్లలోంచి పొడవాటి డబ్బాలను గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్లలో ముంచి, దిమ్మలను జార్చి, రంపపు పొట్టులో పేర్చే విభాగం ఆయనది. వేసవిలో ఆయనకు సెలవు ఉండదు. సాయంత్రం చేతివేళ్లు తెల్లగా ముడతలు పడి, చొక్కా మీద పొట్టు అంటుకుని, గోనెసంచిలో ఒక ఐసు ముక్క చుట్టుకుని ఇంటికి వచ్చేవాడు. అది మా కాళ్ల కోసం. దాన్ని సుత్తితో కొట్టి వెడల్పాటి తొట్టిలో వేస్తే, అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని నాలుగు కాళ్లూ అందులో పెట్టేవాళ్లం. ఎవరు ముందు కాలు తీస్తే వాళ్లు ఓడినట్టు.

ఆ వేసవి మధ్యలో తొట్టి పోయి రెండు బకెట్లు వచ్చాయి. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో ఎవరూ మాట్లాడలేదు. నాన్న ముక్కలను ఒకటి ఇటు, ఒకటి అటు వేసేవాడు.

"ఏంటి నాన్నా, తూకం వేస్తున్నావా?" అంది అక్క.

"మీ ఇద్దరి మధ్య ఉన్న చల్లదనానికి ఈ ఐసు దండగ," అన్నాడు నాన్న. "ఫ్యాక్టరీకి మిమ్మల్నే తీసుకుపోతే సరిపోయేది."

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోనుతో, ఈ రంధ్రంలోని తీగను ఆ రంధ్రంలో గుచ్చుతూ, ఊరి మాటలను కలపడం ఆమె ఉద్యోగం. ఎవరి మాట మధ్యలో తెగినా ఆమెకు ఇంటికి వచ్చాక కూడా మనసు మనసులో ఉండేది కాదు. మా ఇద్దరికీ ఒకే గరిటెతో, ఒకే చేత్తో, ఒకరి కంచం తర్వాత మరొకరిది నింపుతూ ఒకరోజు అడిగింది.

"ఇద్దరూ చేతులు పట్టుకుని ఒకేసారి గీత దాటారనుకో. అప్పుడేం చేస్తారు వాళ్లు?"

"ఇద్దరినీ ఇంటికి పంపించి పొడుగమ్మాయికి సీటిస్తారమ్మా," అంది అక్క.

"నేను ఊరికే అడిగానే."

"నువ్వెప్పుడూ ఊరికే అడగవు."

నా వరకు నేను అక్కకు తెలియకుండా మరో పని మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ వెనక రైలు పట్టాల మీదుగా మనుషులు నడిచే వంతెన ఒకటి ఉంది. ఎత్తైన మెట్లు. మిట్టమధ్యాహ్నం అటు పిట్ట కూడా రాదు. లైబ్రరీకని చెప్పి వెళ్లి, ఆ మెట్లు పరుగున ఎక్కి దిగేదాన్ని. ఒకరోజు సగం దూరం ఎక్కేసరికి పైనుంచి అక్క దిగుతూ కనిపించింది. జుట్టంతా చెమటకు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాను.

"నీళ్ల కోసం వచ్చా."

"బిందె ఏది?"

"నువ్వెందుకొచ్చావ్?"

"లైబ్రరీకి."

"పుస్తకం ఏది?"

మామూలు రోజుల్లో అయితే మెట్ల మీద కూలబడి నవ్వేవాళ్లం. ఇద్దరం రెయిలింగు పట్టుకుని ఊపిరి దాచుకుంటూ నిలబడ్డాం. ఎదుటి మనిషి ఎంతగా రొప్పుతోందో వినడానికి ఇద్దరం ప్రయత్నించాం. కాసేపటికి అక్క మెడ తుడుచుకుంది.

"సరే. నేను అటువైపు మెట్లు. నువ్వు ఇటువైపు. పైన కలిస్తే పలకరించుకోవక్కర్లేదు."

ఆ తర్వాత రోజూ అలాగే చేశాం. పైన కలిసినప్పుడు పలకరించుకోలేదు.

పందెం ముందురోజు సాయంత్రం అక్క పెట్టెలోంచి మేకుల బూట్లు తీసింది. ఇంటికి అవి ఒకటే జత. మా ఇద్దరి పాదాలూ ఒకటే కొలత కాబట్టి అప్పటిదాకా ఆమె పందెం రోజున ఆమె, నా పందెం రోజున నేను వేసుకునేవాళ్లం.

"నువ్వే వేసుకో, ముందు అవి నీవే కదా," అన్నాను.

"నేను వేసుకుని గెలిస్తే బూట్లు గెలిచాయంటావు. నువ్వు వేసుకుని గెలిస్తే ఆ మాట నేనంటాను. ఎందుకొచ్చిన గొడవ." లేసులు ముడివేసి మళ్లీ పెట్టెలో పెట్టేసింది. "ఇద్దరం కాన్వాసు బూట్లే."

పందెం రోజు గాలి విపరీతంగా ఉంది. సున్నంతో వేసిన గీతలు పొడిపొడిగా లేచిపోతున్నాయి. తిన్నని దారిలో గాలి ఎదురొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతున్నట్టు ఉంది. మాస్టారి ఉపాయానికి అంతకంటే మంచి రోజు ఉండదు. మేము వంతులు మార్చుకుంటూ పోయాం. రోలరు, జరగడం, దూరడం. మళ్లీ రోలరు. పొడుగమ్మాయి మా వెనక దాక్కోవడానికి చూసింది కానీ, మేము వంతు మార్చుకున్నప్పుడల్లా ఆమె అంగ తడబడి మళ్లీ సర్దుకోవాల్సి వచ్చేది. సగం దాటాక ఆమె అడుగుల చప్పుడు బరువెక్కింది. ఇంకో చుట్టు తర్వాత అసలు వినబడలేదు.

ఆఖరి చుట్టుకు ముందు నేను జరిగాను. అక్క ముందుకు వచ్చింది. తిన్నని దారి దాటి గీత దగ్గరికి రాగానే గంట మోగింది. ఒప్పందం ప్రకారం అక్కడితో వంతులు అయిపోయాయి. మాలో ఒకరు మాత్రమే ఆ ఇంటి నుంచి వెళతారు. నేను అక్క వీపును చూస్తూ పరిగెత్తాను. చొక్కా మీద చెమట మరక ఒక పక్కకు వంగిన ఆకులా ఉంది. మరేమీ చూసిన గుర్తు లేదు.

చివరి మలుపు తిరిగాం. ఎదురుగాలి తగిలింది. రోలరు వచ్చింది.

అక్క ఒక అంగ కుడికి జరిగింది.

నా కాళ్లు లోపలి నుంచి ముందుకు వెళ్లాయి. నేను వెళ్లానని అనడం లేదు. ఆ క్షణంలో నేను తీసుకున్న నిర్ణయమేదీ నాకు గుర్తు లేదు. ఆ తర్వాత ఆమెను చూడలేదు కూడా. కుడి చెవి పక్కన ఒక ఊపిరి మాత్రం గీత దాకా వినబడుతూనే ఉంది. దారం నా ఛాతీకి తగిలింది.

ఇద్దరం గడ్డి మీద పడిపోయాం. ఎవరో నన్ను లేపి భుజాల మీద చెయ్యి వేశారు. పక్కన అక్క వెల్లకిలా పడుకుని ఉంది. మా ప్రిన్సిపాలుగారి భార్య వంగి ఆమె గడ్డం పట్టుకున్నారు.

"ఎంత పెద్ద మనసమ్మా నీది. ఎంత దూరం వచ్చి చెల్లెలికి దారిచ్చావు."

అక్క నోరు తెరిచింది. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. చుట్టూ మూగినవాళ్లు ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

మేము ఇంటికి చేరేసరికి కథ మాకంటే ముందు చేరింది. పందెం వేళకు అమ్మ డ్యూటీలో ఉంది. మైదానం పక్క దుకాణం నుంచి ఎవరో ఎవరికో ఫోను చేస్తుంటే, ఆ ముక్క ఆమె చెవిన పడింది. తర్వాత ఫోను చేసిన ప్రతివాళ్లకూ లైను కలిపేముందు ఆమే చెప్పింది. గుమ్మంలోనే అక్కను గట్టిగా పట్టుకుంది.

"నువ్వు చేసింది ఎవరూ చేయరే తల్లీ."

"నేనేం చేయలేదమ్మా. ఓడిపోయాను."

అమ్మ నా వైపు తిరిగింది. "చూశావా, చెప్పుకోదు కూడా."

ఆ తర్వాత ఎన్నో నమ్మకాలను దగ్గరగా చూశాను కానీ, ఇంత పకడ్బందీగా కట్టినదాన్ని చూడలేదు. అక్క ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. కాదంటే అది ఆమె వినయం. కోప్పడితే, పాపం లోపల ఎంత బాధ ఉందో. కింది వాటాలో టీచరమ్మ రోజూ మెట్ల దగ్గర నిలబడి "మా త్యాగమూర్తి వచ్చింది" అనేది. ఒకరోజు అక్క చేతిలోని సంచి కింద పెట్టింది.

"పిన్నిగారూ, నేను గెలవాలనే పరిగెత్తాను. గెలవలేదు. దాన్ని ఓటమి అంటారు."

"నీకు తెలియదులే అమ్మా, అంతా నీ మనసులోంచే వచ్చింది," అంది టీచరమ్మ ఆప్యాయంగా.

అమ్మ ఆ కథను ఎందుకు అంత గట్టిగా పట్టుకుందో నాకు ఆ వయసులో అర్థం కాలేదు. అందులో ఓడిపోయిన కూతురు లేదు. ఒక కూతురు గెలిచింది, మరో కూతురు ఇచ్చింది. రెండు కంచాలూ నిండాయి.

నా కంచంలో పడింది మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ సీటు నేను గెలిచిందా, నాకు పెట్టిందా? గెలిచింది కాకపోతే, అక్కడ ప్రతి ఉదయం ఏ మొహంతో గీత మీద నిలబడాలి? మా గదిలో అక్క బట్టలు మడతపెడుతుండగా అడిగేశాను.

"అక్కా, నిజం చెప్పు. ఎందుకు జరిగావ్?"

"ఏమో. జరిగాను."

"ఏమో ఏంటి? గంట మోగింది కదా."

"నాకు వినబడింది. కాళ్లకి వినబడలేదేమో."

"నాకు వదిలేశావా?"

ఆమె మడత ఆపింది. "అవునంటే నమ్ముతావా?"

ఆమె మడతపెట్టిన చొక్కాను నేను మళ్లీ విప్పాను.

"కాదంటే?"

ఆమె అవునంటే ఓడిపోయిన మనిషి పరువు కోసం అంటోందనుకుంటాను. కాదంటే నా మీద ప్రేమతో అంటోందనుకుంటాను. ఏ జవాబు వచ్చినా సందేహం తీరని ప్రశ్న వేశానని అప్పుడే తెలిసింది.

"మరి అడగడం దేనికే?" అంది అక్క. ఆ తర్వాత నాతో మాట మానేసింది.

సంస్థకు వెళ్లాల్సిన బస్సు సోమవారం. శనివారం మధ్యాహ్నం నాన్నకు క్యారియరు తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆయన గొలుసు లాగుతున్నాడు. డబ్బా పైకి వచ్చి ఉప్పునీళ్లు కార్చింది.

"నేను వెళ్లను నాన్నా."

"ఊఁ." డబ్బాను పక్క తొట్టిలో ముంచాడు. "ఎందుకు?"

"అది నాదో కాదో నాకు తెలియదు. నీకేమనిపిస్తోంది?"

"పందేనికి నేను రాలేదు కదా. మైదానానికి రానివాళ్లలో అక్కడ ఏం జరిగిందో తెలియనివాణ్ని నేనొక్కణ్నే." దిమ్మ జారి కింద చెక్కల మీద పడింది. "నువ్వు వెళ్లకపోతే ఎవరికిస్తారు?"

"రెండోవాళ్లకి. అక్కకి."

"దానికి చెప్పావా?"

"లేదు."

"ముందు దానికి చెప్పు. సుత్తి దాని చేతికి అందనంత దూరంలో ఉన్నప్పుడు చెప్పు."

అక్క కిటికీ దగ్గర కూర్చుని తన కాన్వాసు బూటు అంచు కుట్టుకుంటోంది. నేను గోడకేసి చూస్తూ చెప్పాను. సూది ఆగింది. మాట మానేశాక మొదటిసారి నాతో మాట్లాడింది.

"అంటే ఊళ్లోవాళ్లు నా మీద కట్టిన కథని నువ్వు చేసి చూపిస్తావా?"

"నీకు సీటు వస్తుంది కదా."

"నేను వేసవంతా ఆ మెట్లు ఎక్కింది ఎవరో వదిలేసింది ఏరుకోవడానికా?"

"నా బాధ కూడా అదే కదా అక్కా."

ఆమె నా వైపు చూసింది.

"నీకో మాట చెప్పనా. నాకూ తెలియడం లేదే. అందరూ అంటుంటే నాకే అనుమానంగా ఉంది. ఆగానేమో. జరిగాక కాస్త వదిలేశానేమో. ఎంత గుర్తు చేసుకున్నా ఇప్పుడు వాళ్లు చెప్పేదే కనిపిస్తోంది. నిన్న కలలో వెనక్కి తిరిగి నిన్ను చూశాను కూడా."

"నువ్వు వెనక్కి తిరగలేదు. అది మాత్రం నాకు తెలుసు."

"నా కాళ్ల మీద నాకే నమ్మకం పోయిందే." సూదిని బూటులో గుచ్చి పక్కన పెట్టింది. "మాస్టారిని అడుగు."

"నువ్వే అడగొచ్చు కదా?"

"నాకు భయం. వెళ్లు."

మైదానంలో మాస్టారు పోటీల కోసం కట్టిన తాళ్లు విప్పి చుట్టుకుంటున్నారు. నన్ను చూసి తాడు రెండో కొస నా చేతికిచ్చారు. కాసేపు ఆయన చుడుతుంటే నేను పట్టుకున్నాను. అక్క వదిలేసిందా అని అడగకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాను. ఆ ప్రశ్నకు అందరి దగ్గరా జవాబులున్నాయి.

"మాస్టారూ, ఆ రోజు మలుపు తిరిగాక మీరేం చూశారు?"

"నిన్ను చూడలేదు."

నేను తాడు కొసను వేలికి చుట్టుకున్నాను.

"ఏమీ అనుకోకు అమ్మాయ్. గెలుస్తుందనుకున్నది పెద్దమ్మాయి. నా కళ్లూ, నా వాచీ ఆమె మీదే ఉన్నాయి. నువ్వు ఎప్పుడు దూసుకొచ్చావో కూడా నాకు తెలీదు. దారం నీకు తగిలిందని ఎవరో చెబితే నమ్మాను."

"అక్క ఎందుకు జరిగింది?"

"నేను జరిపించాను కాబట్టి. వేసవంతా ఆ ముక్క మీద కూర్చుని ఈల వేసి ఆ కాళ్లకి అదే నేర్పాను. ఆఖరి చుట్టులో మానాలని నోటితో చెప్పానే గానీ, ఒక్కసారైనా పరిగెత్తించి మాన్పించానా? లేదు. అది నా పొరపాటు." ఈలను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చారు. "ఆమె జరగగానే గుండె ఝల్లుమంది. ఎంత పోగొట్టుకుంటుందో చూద్దామని అక్కడే వాచీ మీట నొక్కాను, ఆమె గీత దాటగానే మళ్లీ నొక్కాను."

"ఎంత పోగొట్టుకుంది?"

ఆయన అంకె చెప్పారు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పారు.

"ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం మాస్టారూ?"

"ఎవరడిగారు? అందరూ నాకు చెప్పడానికే వచ్చారు."

తాడు ఆయన చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తాను. అక్క కిటికీ దగ్గర అలాగే ఉంది. నా మొహం చూసి లేచి నిలబడింది. గుమ్మంలోంచే అంకె చెప్పాను.

"ఎంత?" అంది.

చెప్పాను.

"మళ్లీ చెప్పు."

చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది. మోకాళ్ల మీద రెండు చేతులూ వేసుకుని, తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఆ వేసవిలో ఆమె మనసారా నవ్వడం అప్పుడే చూశాను. మొహమంతా నవ్వింది.

"ఎదురుగాలిలో," అంది.

"ఎదురుగాలిలోనే."

"అయితే నువ్వు ఇంకెంత పరిగెత్తావే, దొంగమొహమా?"

అమ్మ వంటింట్లోంచి ఏమైందని అడిగింది. అక్క నా పెట్టెను మంచం కింది నుంచి బయటికి లాగి, లోపలి దుమ్ము దులుపుతూ గట్టిగా జవాబు చెప్పింది.

"ఓడిపోయానమ్మా. బ్రహ్మాండంగా ఓడిపోయాను."

అమ్మ ఆ మాటను కూడా తన కథలో కలుపుకుంది. సోమవారం నేను బస్సెక్కాను.

ఆమె పక్కకు జరగకపోయి ఉంటే ఎవరు గెలిచేవారో నాకు తెలియదు. లోపలి దారి దొరకడం వల్ల నాకు కొంత మేలు జరిగింది, దాన్ని కాదనను. ఆ పందేన్ని రెండోసారి నడిపి చూసే వీలు ఎవరికీ లేదు కాబట్టి, ఆ విషయంలో నేను ఏమీ చెప్పను. చెప్పగలిగింది ఇంతే. రోలరు దగ్గర నుంచి దారం వరకు ఉన్న ఆ నూరు మీటర్లను, పక్కకు జరిగిన తర్వాత, ఎదురుగాలిలో, అక్క పదిహేనున్నర సెకన్లలో పరిగెత్తింది. అలసట లేని కాళ్లతో, గాలి లేని ఉదయాల్లో కూడా, ఆమె ఆ దూరాన్ని అప్పటిదాకా పదహారు సెకన్ల లోపు ఎన్నడూ పరిగెత్తలేదు.